ఆటలకూ ఓ కాపలాదారు!

కంప్యూటర్లో ఆట ఆడాలంటే ఏం కావాలి? ఆట ఉండాలి, ఆడేవాళ్లుండాలి. మధ్యలో ఇంకొకరు కూడా ఉండాలి. వాళ్లెవరో ఆడేవాళ్లకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ రాదు... వాళ్లు పని మానేసేదాకా!

డెబియన్ సంగతే చూడండి. 1993 ఆగస్టులో అమెరికాలో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. దీనికి యజమాని లేడు. ప్రపంచం నలుమూలలా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలే నడిపిస్తున్నారు. ఉబుంటుకు పునాది ఇదే. ఇన్‌స్టాల్ చేసుకునేటప్పుడు తెలుగునూ ఎంచుకోవచ్చు. ఇందులోని వేలాది ప్యాకేజీల్లో ఆటలకు ప్రత్యేకంగా ఓ విభాగం ఉంది. వాటి బాగోగులు చూడటానికి ఓ బృందమూ ఉంది.

ఇంతకీ ప్యాకేజీ అంటే? ఆట రాసినవాళ్లు సోర్స్ కోడ్‌ను నెట్‌లో పెడతారు. అది వడ్ల బస్తా లాంటిది. దంచి, చెరిగి, వండి, విస్తట్లో వడ్డిస్తేనే భోజనం. ఆ పని చేసేవాళ్లే మెయింటెయినర్లు. కోడ్‌ను కంపైల్ చేయాలి. ఆటకు ఏయే లైబ్రరీలు కావాలో రాసిపెట్టాలి. ఏ ఫైలు ఎక్కడ ఉండాలో చూడాలి. బగ్ ఉందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే జవాబివ్వాలి. ఇదంతా ఉద్యోగం, ఇల్లు, పిల్లలు చూసుకున్నాక మిగిలిన సమయంలోనే!

బొమ్మకూ లైసెన్సు

ఆటలతో ఓ చిక్కుంది. మామూలు ప్రోగ్రాముకు కోడ్ ఉంటే చాలు. ఆటకు బొమ్మలు, పాటలు, శబ్దాలు కూడా కావాలి. వాటిలో ప్రతిదాన్నీ ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే అనుమతి ఉంటేనే డెబియన్ ప్రధాన పంక్తిలో చోటు.

ఓపెన్‌టీటీడీ కథ అందుకు ఉదాహరణ. 1990ల నాటి 'ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్' ఆట పనిచేసే తీరును విడదీసి చూసి, 2004లో లుడ్విగ్ స్ట్రిగేయస్ దీన్ని విడుదల చేశాడు. కోడ్ స్వేచ్ఛగా దొరికింది. బొమ్మలు మాత్రం పాత ఆటవే కావాల్సి వచ్చేవి. అందుకే 'కాంట్రిబ్' అనే పక్క పంక్తిలో కూర్చోవాల్సి వచ్చింది. అభిమానులు ఊరుకున్నారా? రైళ్లు, బస్సులు, చెట్లు, ఇళ్లు... అన్నీ కొత్తగా గీశారు. శబ్దాలు, సంగీతం సమకూర్చారు. 2010లో 1.0 వెర్షన్ వచ్చేనాటికి పాత ఆటతో పని లేకుండా పోయింది. ప్రధాన పంక్తిలోకి దారి దొరికింది.

ఆట మారకున్నా...

ఒకసారి వడ్డిస్తే పని అయిపోయినట్టేనా? కాదు. ఆటలో ఒక్క అక్షరం మారకపోయినా, చుట్టూ ఉన్న లోకం మారిపోతుంది. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. ఆ భాషలో రాసిన ఆటలను పైథాన్ 3లోకి మార్చాలి, లేదా వదులుకోవాలి. 2025లో జీసీసీ 15 కంపైలర్ వచ్చింది. సీ భాషలో ఫంక్షన్ పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లు పెట్టడం పాతకాలపు అలవాటు. కొత్త ప్రమాణంలో దాని అర్థమే మారింది. దాంతో ఏళ్ల తరబడి నిక్షేపంగా కంపైలైన కోడ్ కూడా మొరాయిస్తోంది. రాసినవాళ్లు ఎప్పుడో ఆ ఆటను వదిలేసి ఉంటే? దిద్దాల్సింది మెయింటెయినరే.

ఆ మెయింటెయినరూ తప్పుకుంటే ప్యాకేజీని 'అనాథ'గా ప్రకటిస్తారు. డెబియన్‌లో వాడే మాటే అది! ఎవరైనా దత్తత తీసుకోవచ్చు. ఎవరూ రాకపోయినా కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. తీవ్రమైన లోపం బయటపడి, దిద్దేవాళ్లు లేకపోతే మాత్రం తర్వాతి విడుదలలో చోటు దక్కదు. పాత ప్రతి భద్రంగానే ఉంటుంది. కానీ కొత్త కంప్యూటర్లో మామూలుగా ఇన్‌స్టాల్ కాదు. ఆడటానికి వీల్లేని ఆట ఉన్నా లేనట్టే కదా!

అందుకే చాలా ఆటలను ఒక్క మనిషి పేరు మీద కాకుండా బృందం పేరు మీద ఉంచుతారు. ఒకరికి తీరిక లేకపోతే ఇంకొకరు అందుకుంటారు. 1987లో పుట్టిన నెట్‌హ్యాక్ ఇప్పటికీ ఆడటానికి దొరుకుతోందంటే, ఇలా చేతులు మారుతూ వచ్చిన ఓపికే కారణం.

ఇందులో చేయి వేయాలంటే ప్రోగ్రామర్లే కానక్కర్లేదు. విడుదలకు ముందు ఆడి చూడటం, ఎక్కడ ఆగిపోయిందో వివరంగా రాసి పంపటం, ఆటలోని మాటలను సొంత భాషలోకి మార్చటం... ఇవన్నీ సాయమే. ఆడుకుంటూ చేసే సేవ ఇంకెక్కడ దొరుకుతుంది?