భయానికీ ఒక గడువుంది

కండోమ్ లేకుండా ఎక్కడో ఒకసారి జరిగిన కలయిక. మర్నాటి నుంచి నిద్ర ఉండదు. అన్నం సయించదు. గొంతు నొప్పిగా ఉన్నా, ఒంటిమీద చిన్న దద్దు కనిపించినా గుండె జారిపోతుంది. రాత్రంతా ఫోన్‌లో లక్షణాలు వెతకడం, తెల్లవారాక మళ్లీ అద్దంలో నాలుక చూసుకోవడం. ఎవరికీ చెప్పుకోలేరు. ఇంట్లో వాళ్లకు కనిపించేది మాత్రం చిరాకు, మౌనం, తగ్గిపోతున్న ఒళ్లు.

ఇది మన ఇంటి సంగతి కాదని పేజీ తిప్పేయకండి. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ముంబయి, భివండి మగ్గాలకో, దుబాయ్, మస్కట్ పనులకో మనుషులను పంపని ఊరు అరుదు. నెలల తరబడి, ఏళ్ల తరబడి ఒంటరి బతుకు. అక్కడ జరిగినదాని దిగులు ఇక్కడి ఇంటికి వస్తుంది. ఒక్కోసారి ఆ దిగులు భర్తది కాదు, ఏమీ అడగలేక లోలోపల నలిగే భార్యది.

మనలో చాలామందికి ఈ జబ్బు పేరు భయంతోనే పరిచయమైంది. 2000ల తొలి ఏళ్లలో పులిరాజా గురించి అడిగిన ప్రశ్న ఊరూరా గోడలెక్కింది. అప్పటికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులు లేవు. అవి 2004 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఇప్పుడు రోజూ మందు వేసుకునేవారు అందరిలాగే పని చేసుకుంటూ పూర్తి ఆయుష్షు గడపగలుగుతున్నారు. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలకడగా ఉన్నవారి నుంచి లైంగికంగా అది మరొకరికి సోకదు. వైద్యం ఇంత మారినా మన భయం మాత్రం ఆ గోడరాతల దగ్గరే ఆగిపోయింది.

ముందు ముప్పు ఎంతో చూద్దాం. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని వ్యక్తితో కండోమ్ లేకుండా సాధారణ పద్ధతిలో కలిసినప్పుడు, పది వేల కలయికలకు పురుషుడికి సుమారు 4 సార్లు, స్త్రీకి సుమారు 8 సార్లు సోకే అవకాశం ఉందని అంచనా. మలద్వార సంభోగంలో ముప్పు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. సుఖవ్యాధుల పుండ్లుంటే ఇంకా పెరుగుతుంది. ముద్దు వల్ల, కౌగిలి వల్ల, ఒకే కంచంలో తినడం వల్ల సోకదు. ఈ లెక్కలు కుంగిపోకుండా ఉండటానికే గానీ పరీక్ష మానేయడానికి కాదు.

ఇక గుర్తుంచుకోవాల్సిన గడువులు. మొదటిది 72 గంటలు. ఆలోపు వైద్యులను కలిస్తే, ముప్పును బట్టి 28 రోజుల నివారణ మందులు ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. సిగ్గుతో ఇంట్లో కూర్చుంటే చేజారేది ఈ గడువే.

రెండోది ఆరున్నర వారాలు. వైరస్‌ను, దాని యాంటీబాడీలను రెంటినీ పట్టే నాలుగో తరం ల్యాబ్ పరీక్ష 45 రోజులకు నెగెటివ్ వస్తే దాన్ని నమ్మవచ్చు. మూడోది మూడు నెలలు. వేలిమొన రక్తంతో చేసే ర్యాపిడ్ పరీక్ష 90 రోజులకు నెగెటివ్ వస్తే, ఆ కలయికకు సంబంధించినంత వరకు కథ ముగిసినట్టే. నివారణ మందులు వాడినవారు మాత్రం పరీక్ష తేదీలను డాక్టర్ చెప్పినట్టే పాటించాలి. అదే సమయంలో సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలూ చేయించుకోవాలి.

లక్షణాలను చూసి తేల్చుకోకండి. కొత్తగా సోకినవారికి రెండు నుంచి నాలుగు వారాల్లో జ్వరం, దద్దు, గొంతు నొప్పి రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. మామూలు వైరల్ జ్వరాలకూ అవే లక్షణాలు. పైగా ఆందోళన కూడా గుండెదడ, విరేచనాలు, బరువు తగ్గడం తెస్తుంది. భయం తెచ్చిన నీరసాన్ని ఎయిడ్స్ అనుకుని మరింత భయపడతాం.

పరీక్షలు పూర్తయ్యేవరకు జీవిత భాగస్వామితోనూ కండోమ్ తప్పనిసరి. రక్తదానం చేయొద్దు. ఎలాగూ పరీక్షిస్తారు కదా అని రక్తం ఇవ్వడం మరో ప్రాణంతో ఆడుకోవడమే. తొలి రోజుల్లో వైరస్ పరీక్షకు దొరకకుండా తప్పించుకోవచ్చు.

ఎల్లంతకుంట లాంటి చోట అసలు అడ్డంకి వైరస్ కాదు, ‘ఎవరైనా చూస్తారేమో’ అన్న బెరుకు. సొంత ఊళ్లోనే చేయించుకోవాలని లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. సిరిసిల్ల వద్దనుకుంటే కరీంనగర్ వెళ్లండి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయడాన్ని, ఫలితం బయటపెట్టడాన్ని నిషేధించింది. సందేహాలకు 1097 ఉచిత నంబరు ఉంది. గల్ఫ్ మెడికల్‌లో ఏం తేలుతుందో అని వణికే బదులు, మాట్లాడే మనిషి ఉన్న ఇక్కడే ముందు తెలుసుకోవడం మంచిది.

గడువు దాటి, నెగెటివ్ వచ్చాక కూడా పరీక్ష మీద పరీక్ష చేయించుకుంటున్నారా? అప్పుడు చికిత్స కావాల్సింది రక్తానికి కాదు, మనసుకు. చాలాసార్లు ఆ భయం వెనుక ఉండేది అపరాధ భావం. తప్పు చేశాను, శిక్ష రాకుండా ఎలా ఉంటుందన్న నమ్మకం. దాన్ని ఏ రిపోర్టూ పోగొట్టలేదు. మానసిక వైద్యులు పోగొట్టగలరు. టెలిమానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పలుకుతుంది.

2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒక వ్యక్తి తనకు కరోనా సోకిందనీ, ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందనీ భయపడి ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆ రాష్ట్రంలో ఒక్క కరోనా కేసూ నమోదు కాలేదు. జబ్బు లేకుండానే భయం ఎంతపని చేయగలదో చెప్పడానికి ఇది చాలు.

కాబట్టి ఇంట్లో ఎవరైనా ఈ మాట బయటపెడితే, తీర్పు తర్వాత చెప్పొచ్చు. ముందు ఎన్ని గంటలైందో, ఎన్ని రోజులైందో అడగండి, పరీక్షకు వెంట వెళ్లండి. ఆరోగ్య శాఖకూ ఒక మాట. 72 గంటల మందు ఎక్కడ దొరుకుతుందో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద రాయించండి. ఒకప్పుడు గోడలు మనల్ని భయపెట్టాయి. ఇప్పుడు దారి చూపాల్సిన బాధ్యత వాటిదే.