బోదకాలు మాత్ర – సుబ్బారావు గారు



బోదకాలు మాత్రలు పంచేవారు వచ్చినప్పుడెల్లా మా కొంపల్లిలో ఒకటే మాట వింటాము: "ఇచ్చిపొండి, తర్వాత మింగుతాం." ఆ మాత్రలు తర్వాత గూట్లోనో మోరీలోనో కనబడతాయి. క్రితం మారు, వాపుకాలుతో మందిరములో వెనుక కూర్చునే ఒక పెద్దమ్మ మమ్ములను అడిగింది: "అయ్యగారూ, నా కాలు ఎట్లాగూ తగ్గదంట. ఇగ నాకు గోలీలెందుకు?"

జవాబు కొరకు మేము యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి ఎత్తుకున్నాము.

ఆయన 1895లో భీమవరములో పుట్టారు. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే విరేచనాల జబ్బు కొద్ది రోజుల తేడాతో తీసుకొనిపోయింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకొని శస్త్రచికిత్సకు నిలబడినందుకు ఆచార్యునికి కోపము వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ పట్టా దక్కింది. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సహాయముతో అమెరికా చేరారు. బోస్టనులో రాత్రులు ఆస్పత్రిలో పోర్టరు పని, పగలు చదువు. హార్వర్డ్‌లో ఫిస్క్ గారితో కలిసి 1925లో భాస్వరము కొలిచే పద్ధతి కనిపెట్టారు. అయినా అక్కడ శాశ్వత పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు.

ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసింది. తన అన్నదమ్ములను చంపిన స్ప్రూకు అదే మందు! నేడు గర్భిణీలకు ఇచ్చే ఇనుప మాత్రలో ఉన్నదీ అదే. అక్కడి అమినోప్టెరిన్‌తోనే రక్తపు క్యాన్సరు పిల్లలకు తాత్కాలికముగానైనా ఉపశమనము కలిగినట్లు ఫార్బర్ అనే వైద్యుడు 1948లో ప్రకటించాడు. 1947లో వచ్చిన హెట్రజానే మన బోదకాలు మాత్ర.

1948 ఆగస్టులో, 53 ఏండ్లకే, ఆయన అక్కడే కన్నుమూశారు. ఇంటికి తిరిగి రాలేదు. ఇక్కడ మిగిలిన భార్యకు ఆ గొప్పతనములో ఏమి పాలు దక్కిందో! ఈ మాట చెప్పేటప్పుడు మాకు గొంతు పట్టుకుంటుంది.

పెద్దమ్మకు చెప్పాము: "అమ్మా, ముదిరిన వాపును ఈ మాత్ర తీయదు, నిజమే. నెత్తురులోని సన్నని పురుగు పిల్లలను చంపుతుంది. అప్పుడు నిన్ను కుట్టిన దోమ నీ మనవలకు జబ్బు మోయదు." పరగడుపున వద్దనీ, గర్భిణీలకు, రెండేండ్ల లోపు పిల్లలకు, బాగా జబ్బుపడినవారికి ఇవ్వరనీ కూడా చెప్పాము.

ఈ మారు ఆమె మనవలను అరుగు మీద కూర్చోబెట్టి, ముందు అన్నము పెట్టి, కార్యకర్త ఎదుటనే మింగించింది. తానూ మింగి, మా వైపు తిరిగి, "మరి మీరు, అయ్యగారూ?" అన్నది. చెంబు అందుకొని మేమూ మింగాము.