షాక్ కొట్టింది ఎవరు?

తెలుగు వార్తల్లో ఇప్పుడు ఒళ్ళొంచి చాకిరీ చేస్తున్న మాట ఏదంటే నేను ‘షాక్’ అనే చెప్తాను. బంగారం పెరిగితే కొనేవాళ్ళకి షాక్, తగ్గితే దాచుకున్నవాళ్ళకి షాక్. నాయకుడు పార్టీ మారితే అధిష్ఠానానికి షాక్, టికెట్ రాకపోతే నాయకుడికి షాక్. హీరోయిన్ జుట్టు కత్తిరించుకుంటే అభిమానులకి షాక్. ఇవన్నీ దాటుకుని వెళ్తే జిల్లా పేజీలో ఓ మూల నాలుగు లైన్లుంటాయి: మోటారు వేయబోయి షాక్ కొట్టి కౌలురైతు మృతి. అదే మాట. నా తగాదా అక్కడ.

పరాయి మాట కాబట్టి వెళ్ళగొట్టమనడం లేదు. మా పామర్రు సెంటర్లో నిలబడి ‘విద్యుదాఘాతం’ అంటే జనం మొహమొహాలు చూసుకుంటారు. కరెంటు, మోటారు, స్టార్టరు వచ్చిన దారినే షాకూ వచ్చింది, ఉండనివ్వండి. షాకబ్జర్లు పోయాయని మెకానిక్ చెప్తే దానికి తెలుగు వెతకాల్సిన పని అంతకన్నా లేదు.

అసలు ఇంగ్లీషులోనే ఇది ఒక్క మాట కాదు. ఫ్రెంచి నుంచి వచ్చిన షాక్‌కి మొదట్లో అర్థం రెండు సేనలు ఢీకొనడం. మనసుకు తగిలే దెబ్బ, కరెంటు దెబ్బ తర్వాత వచ్చి చేరాయి. కోసిన పనల్ని ఒకదానికొకటి ఆన్చి పొలంలో నిలబెడితే అదీ షాకే. ఒత్తుగా రేగిన జుట్టూ షాకే. నిఘంటువులు వీటిని విడివిడి మాటలుగా చూపిస్తాయి. ఇక డాక్టరు షాక్ అన్నాడంటే రోగి ఆశ్చర్యపోయాడని కాదు, అవయవాలకి చాలినంత రక్తం అందడం లేదని. ప్రాణం మీదికొచ్చిందని.

మాటలో ఏముందిలే అనేవాళ్ళు మొదటి ప్రపంచయుద్ధం సంగతి చూడాలి. ఫిరంగిగుండ్ల మధ్య మతి చెదిరిన సైనికుల గురించి చార్ల్స్ మైయర్స్ 1915లో ‘లాన్సెట్’లో రాస్తూ ‘షెల్ షాక్’ అన్నాడు. 1917లో బ్రిటిష్ సైన్యం ఆ మాట కాగితాల మీద రాయొద్దని కట్టడి చేసింది. శత్రువు గుండువల్ల అని రాస్తే అది గాయం కింద లెక్క, తర్వాత పెన్షను ఇవ్వాలి. బాధ్యత ఎవరిదో ఆ ఒక్క మాటతో తేలిపోతుంది.

మన నాలుగు లైన్ల వార్తలో అది తేలదు. ‘షాక్ కొట్టింది’ అన్న వాక్యంలో కర్త షాక్. కిందికి వేలాడే తీగ లేదు, ఎర్తు లేని స్టార్టరు పెట్టె లేదు, చెప్పినా పట్టించుకోని మనిషి లేడు. తడి మడిలో వట్టి కాళ్ళతో నిలబడ్డవాడి ఒంట్లోంచి కరెంటుకి భూమిలోకి దారి దొరుకుతుంది. గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదోవంతు చాలు. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరా తెంచే బ్రేకర్లున్నాయి. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్ల దగ్గరా ఇదే కథ. ఇది పిడుగుపాటు కాదు, ఆపగలిగిన చావు. పరిహారం అడగాల్సిన కుటుంబం చేతిలో మాత్రం కర్త లేని వాక్యం మిగులుతుంది.

‘కరెంటు చార్జీల షాక్’ అన్న హెడ్డింగూ ఈ తంతే. చార్జీలు పెంచడం షాక్ కాదు, నిర్ణయం. దాని కింద సంతకం ఉంటుంది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకి ముగ్గురు చనిపోయింది అలాంటి నిర్ణయాన్ని నిలదీసిన ఉద్యమంలోనే.

హెడ్డింగులో చోటుండదండీ అంటారు. ఉలిక్కిపడ్డవాడు క్షణంలో తేరుకుంటాడు. కొయ్యబారినవాడు కదల్లేడు. కంగుతిన్నవాడికి లెక్క తప్పింది. తెల్లబోయినవాడికి మొహం చెల్లలేదు. ఇన్ని మాటలున్న భాషలో పార్టీ మారిన నాయకుడికీ పొలంలో పోయిన మనిషికీ ఒకే మాట వాడేది చోటు లేక కాదు, ఆలోచించే ఓపిక లేక.

షాక్‌ని తీగకీ ఆస్పత్రికీ వదిలేయండి. కరెంటు చావు రాసినప్పుడు ఇంకో రెండు లైన్లు కలపండి: ఆ తీగ ఎవరిది, ఎన్నాళ్ళుగా అలా వేలాడుతోంది, ముందుగా ఎవరికి చెప్పారు. చోటు చాలకపోతే హీరోయిన్ జుట్టు వార్తని ఇంకాస్త కత్తిరించండి.