గృహారోగ్యము: ప్రయోగశాల సీసా, వంటయింటి గూడు

రసాయనశాస్త్రము చదువుకొను బిడ్డలున్న యిండ్లలో నొక సందేహము తఱచుగా వినబడుచున్నది. ప్రయోగశాలనుండి తెచ్చిన సిట్రిక్ ఆసిడును, అంగడిలో కొన్న నిమ్మఉప్పును ఒక్కటియే గదా, షర్బతులో వేసికొన్న దోషమేమి యని. పదార్థ మొక్కటియే, అయినను వేయరాదని మా మనవి.

కారణము వినుడు. సీసామీద నూటికి 99 పాళ్లు శుద్ధమని వ్రాసియుండవచ్చును. మిగిలిన యొక్క పాలు ఎట్టిది? ప్రయోగమును చెఱపనిచో నది యేదైనను రసాయనజ్ఞునకు బాధ లేదు. మనకట్లు గాదు. ఆహారమునకై సిద్ధపఱచినదానిలో సీసమువంటి విషలోహములు హద్దు మీఱరాదను నిబంధన కలదు. ప్రయోగములకై చేసినదానికి, తినదగినదను పూచీ లేదు. పైగా నొక సీసాలో ముంచిన చెంచాయే తెలియక వేఱొకదానిలో మునుగవచ్చును.

రుచియు రంగును సాక్ష్యములు కావు. 1937లో అమెరికాలో నొక సంస్థవారు సల్ఫనిలమైడను మందును డైఇథిలీన్ గ్లైకాలులో కరగించి విక్రయించిరి. రుచిని, రూపును, వాసనను పరీక్షించిరే గాని, విషగుణమును పరీక్షింపరైరి. ఆ తియ్యని మందు త్రాగి నూఱుమందికి పైగా మరణించిరి. వారిలో బిడ్డలు పెక్కండ్రు. విషము మందులో లేదు. దానిని కరగించిన ద్రవములో నుండెను.

ఇక గాజు మాట. గాజు నిర్దోషి. 1913లో అమెరికాలోని కార్నింగు పట్టణమున లిటిల్టను అను శాస్త్రజ్ఞుని యిల్లాలు, బాటరీలకై చేసిన గాజుజాడీ అడుగుభాగములో కేకు వండి చూచెను. 1915నాటికి పైరెక్సు వంటపాత్రలు అంగళ్లకు వచ్చినవి. కావున వంటకై చేసిన క్రొత్త గాజుపాత్రను నిశ్చింతగా వాడుకొనవచ్చును. ప్రయోగశాలలో వాడిన బీకరు సంగతి వేఱు. అది పాదరసమును మోసెనో, సీసపు లవణమును మోసెనో, కంటికి గాని ముక్కునకు గాని తెలియదు. గీతలలో నిలిచిన శేషము ఎన్ని కడుగులకు పోవునో చెప్పలేము.

సోదరీమణులారా! నిమ్మఉప్పు, వంటసోడా కొనునప్పుడు పొట్లముమీద ఆహారశాఖవారి 14 అంకెల సంఖ్యను చూచి కొనుడు. రసాయనములను షర్బతు సీసాలలో దాచకుడు. బిడ్డ యెవరైన పొరపాటున మ్రింగినచో, వాంతి చేయింపక, ఆ సీసాతోకూడ వెంటనే వైద్యునియొద్దకు గొనిపొండు. బీకరు బడిలోను, గిన్నె యింటిలోను ఉండుటయే క్షేమము.