కరెంటు పోతే గ్యాసు ఆగదు

గోవాడ అనగానే ఎవరికైనా చక్కెర ఫ్యాక్టరీయే గుర్తుకు వస్తుంది. కాని చెరకు గానుగకు చేరాలంటే ముందు కత్తి కావాలి. ఆ కత్తి కమ్మరి కొలిమిలో పుట్టాలి. బొగ్గు ఖర్చు, పొగ బాధ పడలేక ఇనుప డొల్లకు లోపల మట్టి పూసి, గ్యాసు బర్నరు బిగించి, సొంతంగా కొలిమి చేసుకునే కమ్మరిని తప్పుపట్టనక్కరలేదు. పని తొందరగా తెములుతుంది. అయితే గ్యాసును బొగ్గులాగే చూస్తే ప్రాణం మీదికి వస్తుంది.

బొగ్గు కొలిమిలో గాలి ఆగితే నిప్పు దానంతటదే మందగిస్తుంది. గ్యాసు సంగతి వేరు. పంకాతో గాలి కొట్టే బర్నరులో కరెంటు పోతే పంకా ఆగుతుంది, గ్యాసు ఆగదు. వంట గ్యాసు గాలికంటె బరువు గనుక కొలిమిలోను, నేలబారునను పేరుకుంటుంది. అప్పుడు నిప్పు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కరెంటు పోగానే గ్యాసును తనంతట తానే మూసివేసే సొలినాయిడ్ వాల్వు ఉంది. అది లేని పంకా బర్నరును వెలిగించనే కూడదు.

మంట ఆరితే ముందు గ్యాసు కట్టివేసి, కొలిమి తలుపు తెరిచి, లోపలి గ్యాసు పూర్తిగా పోయేదాకా ఆగాలి. వెలిగించేటప్పుడు ముందు నిప్పు, తరువాతే గ్యాసు. సిలిండరు నిలువుగా, కొలిమికి దూరంగా ఉండాలి. గొట్టాల అతుకులను సబ్బు నురగతో చూడాలి గాని అగ్గిపుల్లతో కాదు. మూసిన పాకలో ఈ పని పెట్టరాదు. సరిగా మండని గ్యాసునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం మాత్రం తీస్తుంది.

వేడిని అదుపులో పెట్టడం కూడా భద్రతే. మంట పెంచినకొద్దీ ఉక్కు గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. ఉక్కు సుమారు 770 డిగ్రీల వద్ద అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. లారీ కమాను పట్టాకు 830 నుంచి 860 డిగ్రీలు చాలు. అంతకు మించి కాలిస్తే ఉక్కు పెళుసెక్కుతుంది. నూనెలో ముంచి చల్లార్చిన తరువాత మళ్ళీ 200 నుంచి 300 డిగ్రీల మధ్య కాచకపోయినా అంతే. గడమీద వేటు పడగానే విరిగి ఎగిరే ముక్క తగిలేది చెరకు నరికే కూలికి.

గ్యాసును, గాలిని రెండింటినీ కొద్దికొద్దిగా మార్చి, కొంతసేపు ఆగి చూడాలి. గాలి ఎక్కువైతే ఇనుము చిట్టెం కడుతుంది. గ్యాసు ఎక్కువైతే మంట బయటికి తన్నుకువస్తుంది. ఎండ వెలుతురులో ఎరుపు కంటికి ఆనదు గనుక వేడి కొలిచే మీటరు ఉండవలసిందే.

ఇన్ని హంగులు పల్లె కమ్మరికి ఎక్కడివని అడగవచ్చు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరం ఒకటి. అందులో శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి 3 లక్షల దాకా అప్పు చూపించారు. ఆ శిక్షణలో గ్యాసు కొలిమికి ఒక పూట కేటాయించాలి. పనిముట్లలో మీటరును, వాల్వును చేర్చాలి. ప్రమాదం జరిగాక పరామర్శకు వచ్చేకంటె ముందే వచ్చి నేర్పితే అధికారులకు గౌరవం, కమ్మరి ఇంటికి క్షేమం.