బెదిరింపు మిగిల్చిన భయం

ఎమర్జెన్సీ కాలాన, 1976-77లో, దేశంలో 82 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. ఉపాధ్యాయులకు కోటాలు విధించి, జీతాలకు ముడిపెట్టిన రోజులవి. మరుసటి ఏడాది ఆ సంఖ్య పది లక్షలకైనా చేరలేదు. ‘కుటుంబ నియంత్రణ’ అన్న మాటకే ప్రభుత్వం జంకి, 1977లో ‘కుటుంబ సంక్షేమం’ అని పేరు మార్చుకున్నది!

నాటి శస్త్రచికిత్సలలో అత్యధికం పురుషులకు చేసిన వేసెక్టమీలే. ఆ పద్ధతి నేటికీ కోలుకోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీల శస్త్రచికిత్సపై ఆధారపడిన దంపతులు దాదాపు 38 శాతం కాగా, పురుషులది 0.3 శాతం మాత్రమే. వేసెక్టమీ సులభమైనది, ప్రమాదం తక్కువ. చేయించుకున్న వారికి ప్రభుత్వమిచ్చే నగదు పరిహారం స్త్రీలకిచ్చే దానికన్న ఎక్కువ. అయినా మగవాడు ముందుకు రావడం లేదు. లాఠీ నేర్పిన భయాన్ని నోటు పోగొట్టలేకపోయింది. దండన పురుషునికి, దాని పర్యవసానం స్త్రీకి!

పోలియో అనుభవం ఇందుకు భిన్నం. 2000 తరువాత పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఆ చుక్కల వల్ల సంతానం కలగదన్న వదంతి వ్యాపించినప్పుడు స్థానిక మహిళలు ఇంటింటికీ తిరిగి తల్లులకు నచ్చజెప్పారు. ఇమాములు మసీదుల నుంచి పిలుపునిచ్చారు. సంవత్సరాలు పట్టింది. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ నమోదు కాలేదు. వేసెక్టమీ విషయంలో మాత్రం అంతటి ఓపిక ఇంతవరకు కానరాదు.