గిటారు కొనేముందు స్కేలు వెంట తీసుకెళ్లండి

పిల్లలూ! సైన్సు మాస్టారికి గిటారుతో ఏం పని అని మీరు అడగవచ్చు. నిజమే, నాకు గిటారు వాయించడం రాదు. కాని గిటారు విషయంలో నేనొక తప్పు చేశాను. అలాంటిది మీ ఇంట్లో జరగకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఇబ్రహీంపట్నంలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి ఉంది. చక్కగా పాడుతుంది. తండ్రి ఆటో నడుపుతాడు. ఒకరోజు ఆయన బడికి వచ్చి, "బిడ్డ గిటారు కావాలంటున్నది సార్, ఎసుంటిది కొనాలె?" అని అడిగాడు. నేను ముందూ వెనకా చూడకుండా, "పెరిగే పిల్ల గదా, పెద్దదే కొనండి. నాలుగేళ్లు పనికొస్తుంది" అనేశాను. బడి బట్టలు కుట్టించేటప్పుడు రెండంగుళాలు వదులు పెట్టించడం మనకు అలవాటు. అదే లెక్క గిటారుకూ వేశాను. ఆయన ఐదు వేలు కూడబెట్టి, నిగనిగలాడే నల్ల గిటారు తెచ్చాడు.

మూడు నెలలు తిరగకుండానే ఆ అమ్మాయి గిటారు సంచి వీపున మోసుకుంటూ మా ప్రయోగశాలకు వచ్చింది. "ఇది ఎవరికన్న ఇచ్చెయ్యండి సార్. నా వేళ్లు పొట్టిగున్నయి. నాకు రాదు" అంది. వేలి కొసలు చూస్తే ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"నాకు రాదు" అనే మాట ముప్పై ఏళ్లుగా వింటున్నాను. ఆ మాట పిల్లల నోట వచ్చినప్పుడు ముందు పిల్లల్ని కాదు, వాళ్ల చేతిలో ఉన్న పరికరాన్ని అనుమానించాలని నా అభిప్రాయం. జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీయమన్నాను. ఇద్దరం కలిసి కొలిచాం.

గిటారు పెట్టె కింది భాగం వెడల్పు 40 సెంటీమీటర్లు. దాని మీదుగా చెయ్యి వెయ్యాలంటే ఆ అమ్మాయి భుజం చెవి దాకా లేస్తోంది. పైన మేరువు నుండి కింద గుర్రం దాకా, అంటే తీగ మోగే పొడవు, 645 మిల్లీమీటర్లు. (వీణకు చెప్పే మాటలే వాడుతున్నాను. గిటారుకూ మెట్లు, మేరువు, గుర్రం, బిరడాలు ఉన్నాయి కదా!) పిల్లల కోసం చేసే ముప్పాతిక గిటారులో ఈ పొడవు సుమారు 580 ఉంటుంది. తేడా ఆరున్నర సెంటీమీటర్లే గదా అంటారేమో! అక్కడే ఉంది సైన్సు.

తీగ పొడవు తగ్గితే స్వరం పైకి పోతుంది. తన్యత, అంటే తీగను లాగి పట్టే బలం తగ్గితే స్వరం కిందికి దిగుతుంది. ఫ్రాన్సు దేశస్థుడు మెర్సెన్ 1636లో అచ్చువేసిన గ్రంథంలో ఈ సూత్రాలు ఉన్నాయి. ఒకే తీగ, ఒకే స్వరం కావాలంటే తన్యత పొడవు వర్గానికి అనులోమానుపాతంలో ఉండాలి. 580ని 645తో భాగిస్తే సుమారు 0.9. దాని వర్గం 0.81. అంటే చిన్న గిటారులో తీగ బిగువు నూటికి 19 వంతులు తక్కువ! లేత వేళ్లకు ఇది చాలా పెద్ద తేడా. మేరువు నుండి నాలుగో మెట్టు దాకా పెద్దదానిలో 133 మిల్లీమీటర్లయితే, చిన్నదానిలో 120. వేళ్లు పొట్టివి కావు పిల్లలూ, మెట్లే దూరం!

మరి దుకాణాల్లో ఎక్కడ చూసినా పెద్ద గిటార్లే ఎందుకు వేలాడుతుంటాయి? ఆ ఆకారాన్ని డ్రెడ్‌నాట్ అంటారు. 1906లో బ్రిటిష్‌వారు నీళ్లలోకి దించిన ఒక పెద్ద యుద్ధనౌక పేరది. 1916లో అమెరికాలోని మార్టిన్ కంపెనీవారు, గట్టిగా మోగే గిటారు కోసం పెట్టెను బాగా పెంచి ఆ నౌక పేరు పెట్టారు. అంతకుముందు చాలాకాలం పెద్దవాళ్లు కూడా చిన్న నడుము గిటార్లే వాయించారు. కాబట్టి చిన్న గిటారంటే పిల్లలాట కాదు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ సంగతి చూడండి. ఒళ్లో ఇమిడిపోయే వాద్యంతో 1978లో, తొమ్మిదేళ్ల వయసులో, గుడివాడలో తొలి కచేరీ చేశాడు. అది కరెంటుతో మోగే మాండొలిన్ గనుక గట్టిగా వినిపించే పని యంత్రం చూసుకుంది. చేతికి అమరే పని మాత్రం వాద్యమే చేసింది.

చిన్నదానిలో నష్టమేమీ లేదా? ఉంది, దాచను. కుళాయి కింద బిందె పెట్టి వినండి. నీళ్లు నిండేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. లోపల గాలికి చోటు తగ్గేకొద్దీ అది అనునాదం చెందే పౌనఃపున్యం పెరుగుతుంది. గిటారు పెట్టెలోనూ అంతే. పెద్ద పెట్టెలో గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతుంది. చిన్న పెట్టెలో అంతకంటే పైన. గిటారు అడుగు తీగ స్వరం 82 హెర్ట్జ్. కనుక ఆ మంద్రస్వరాలకు చిన్న పెట్టె అంత బలం ఇవ్వలేదు. వేల మంది ముందు వాయించేవారికి అది లోటే. ఇంట్లో మంచం మీద కూర్చుని నేర్చుకునే పిల్లకు లోటు కాదని నేనంటాను.

అయితే చిన్నదల్లా మంచిదనుకుని జాతరలో బొమ్మ గిటారు కొనకండి సుమా! బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేస్తారు. అక్కడే చేసే బుల్లి వీణల్ని సభల్లో జ్ఞాపికలుగా ఇస్తారు. వాటి చోటు అద్దాల బీరువా. గిటార్లలోనూ ఈ రెండు రకాలున్నాయి. తేడా కనిపెట్టడానికి స్కేలు చాలు. మేరువు నుండి పన్నెండో మెట్టు దాకా కొలవండి. అక్కడి నుండి గుర్రం దాకా కొలవండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. రెండో కొలత రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంటే కంగారుపడకండి. తీగను నొక్కినప్పుడు అది కొంచెం సాగి స్వరం పెరుగుతుంది. దాన్ని సరిదిద్దడానికి కావాలనే అలా చేస్తారు. సెంటీమీటరు తేడా వస్తే మాత్రం ఆ గిటారు ఏనాడూ శ్రుతిలో పలకదు. గెలీలియో పేరు మీకు తెలుసు. ఆయన తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. ఒక్కొక్క మెట్టుకు తీగ పొడవు 18కి 17 వంతులు చొప్పున తగ్గించాలని ఆయన లెక్క కట్టాడు. నేటి లెక్కకు అది చాలా దగ్గర.

తర్వాత పన్నెండో మెట్టు మీద తీగ ఎంత ఎత్తున ఉందో చూడండి. ఉక్కు తీగలైతే రెండున్నర, మూడు మిల్లీమీటర్లు. నైలాన్ తీగలైతే మూడు, నాలుగు. మా అమ్మాయి నల్ల గిటారులో ఉక్కు తీగ ఐదు మిల్లీమీటర్ల ఎత్తున ఉంది! వేళ్లు కమలక ఏమవుతాయి? గుర్రం మీది గాడిలో ఒక సన్నని ప్లాస్టిక్ లేక ఎముక పలక ఉంటుంది. దాని అడుగు భాగాన్ని గరుకు కాగితం మీద అరగదీస్తే తీగ దిగుతుంది. పన్నెండో మెట్టు సరిగ్గా మధ్యన ఉంది కనుక, అక్కడ ఒక మిల్లీమీటరు దిగాలంటే పలకను రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. సరూప త్రిభుజాలు ఎందుకు చదవాలని అడిగే పదో తరగతివాళ్లకు ఇదిగో సమాధానం. ఇంత చిన్న పలకకేం ప్రాధాన్యం అనుకోకండి. మన సి.వి. రామన్ అంతటివాడు వీణ, తంబురా గుర్రాల వంపు వల్ల స్వరంలో వచ్చే విశేషాన్ని పరిశోధించి 1921లో పత్రం రాశాడు.

ఇక కర్ర సంగతి. పై పలక ఒకే చెక్కయితే మంచిదని, ప్లైవుడ్డయితే పనికిరాదని చాలామంది చెబుతారు. నాదం మాట వరకు నిజమే. పై పలకదే అసలు పని. స్పెయిన్ దేశపు టోరెస్ 1862లో వెనక భాగమూ పక్కలూ అట్టతో చేసి, పై పలక మాత్రం మంచి కర్రతో పెట్టి గిటారు తయారుచేశాడు, ఈ సంగతి రుజువు చేయడానికే! కాని మా ఊరి మే నెల ఎండకు తలుపులే ముడుచుకుని సందులిస్తాయి. రెండున్నర మిల్లీమీటర్ల ఒంటి చెక్క పగలదని హామీ ఏమిటి? మొదటి గిటారుకు ప్లైవుడ్డే నయం. ఒకే చెక్క అని చెప్పి ఎక్కువ ధర అడిగితే, నాదరంధ్రం అంచు చూడండి. పైన కనిపించే గీతలు అంచు మందంలోకి కూడా దిగి ఉంటే ఒకే చెక్క. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్డు.

పన్నెండేళ్ల లోపు వారికి నైలాన్ తీగలే మేలు. ఆరు ఉక్కు తీగలూ కలిసి గిటారును సుమారు 70 కిలోల బరువుతో లాగుతాయి. నైలాన్‌వి 40 కిలోలతో. అందుకే నైలాన్ గిటారుకు ఉక్కు తీగలు వేయవద్దు. గుర్రం ఊడి వస్తుంది.

కంపెనీ పేర్లు అడుగుతారు మీరు. కలకత్తాలో తయారయ్యే గివ్‌సన్ వంటివి ఉన్నాయి. యమహావారు 580 మిల్లీమీటర్లది, 540దీ కూడా చేస్తారు. వాటి ధర కొంచెం పైన ఉంటుంది. ఏ పేరైనా సరే, మీ చేతిలో ఉన్న ఆ ఒక్క గిటారునే కొలవండి. రంగులకు, ప్లగ్గులకు డబ్బు పెట్టకండి. శ్రుతి చూసే సాధనం నాన్నగారి ఫోనులో ఉచితంగానే దొరుకుతుంది. పాతది కొనడానికి సిగ్గుపడకండి. మా చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు చాలా ఉన్నాయి. చదువు ముగించి వెళ్లే అన్నయ్యలు గిటార్లు అగ్గువకు అమ్మేస్తుంటారు. అప్పుడు గుర్రం అడుగున కాగితం దూరుతోందేమో చూడండి. దూరితే వదిలేయండి.

నల్ల గిటారు పలకను అరగదీశాం. దాన్ని పదో తరగతి అబ్బాయి ఒకడు మూడున్నర వేలకు తీసుకున్నాడు. ఆ డబ్బు పట్టుకుని తండ్రీ కూతుళ్లూ నేనూ నగరానికి వెళ్లాం. అమ్మాయి స్కేలు తీసి మొదటి గిటారు కొలిచి పక్కన పెట్టింది. రెండోదీ పెట్టింది. దుకాణదారుకు విసుగొచ్చి, "గిటారు కొంటున్నరా, ప్లాటు కొలుస్తున్నరా సార్?" అన్నాడు. ఇబ్రహీంపట్నం వాళ్లమని తెలిసి అన్నాడో ఏమో!

మూడోదాన్ని ఒళ్లో పెట్టుకుంది. భుజం లేవలేదు. పన్నెండో మెట్టు దగ్గర స్కేలు ఆనించి, "290 ఉన్నది సార్" అంది. అటుపక్కా కొలిచింది. తర్వాత స్కేలు తండ్రి చేతికిచ్చి, తీగ మీటింది.